తలుపు నుంచి సూది దాకా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పక్షవాతం సేవపై రివ్యూ

పక్షవాతం వైద్యానికి ఆసుపత్రి ఆసుపత్రికీ విడివిడిగా మార్కులేసి రివ్యూ రాయడం మన జిల్లాల్లో కుదరదు. కంచిలి పక్క పల్లెలో ఒకరికి నోరు వంకరపోయి కుడిచెయ్యి వేలాడిపోయిందనుకోండి. ఆ మనిషికి అందేది ఒక్క ఆసుపత్రి సేవ కాదు. ఇంట్లోవాళ్లు, వీధి చివర ఆర్ఎంపీ, 108 బండి, దారిలో ఆగిన ఆసుపత్రి, సీటీ గది, విశాఖలో ఫోనెత్తే నరాల డాక్టరు, రాత్రి డ్యూటీ నర్సు, ఆనక ఫిజియోథెరపిస్టు. ఇన్ని చేతులు మారి అందుతుంది. అందుకే ఇక్కడ మార్కులు వేస్తున్నది చేతులు మారే చోట్లకే.

ముందే తీర్పు చెప్పేస్తే: బండి, స్కాను, మందు పదేళ్ల కిందటికన్నా చాలా దగ్గరికొచ్చాయి. అప్పగింతలు మాత్రం పాత పద్ధతిలోనే ఉన్నాయి. ఐదుకి రెండున్నర. అందులో ఒకటి పూర్తిగా 108కే.

లెక్క ఎక్కడ తప్పుతోందో చూద్దాం. పక్షవాతాల్లో ఎక్కువ భాగం మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చేవే. వాటికి గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపు పడాలి. పెద్ద నాళమే మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేసే థ్రాంబెక్టమీ ఉంది. దానికి మామూలుగా ఆరు గంటలు, ఇంకా కాపాడదగ్గ మెదడు మిగిలుందని స్కానులో తేలిన కొందరికి 24 గంటల దాకా గడువు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం సుమారు 130 కిలోమీటర్లు, పలాస నుంచి ఎనభై లోపు. జాతీయ రహదారి 16 మీద ఇచ్ఛాపురం మనిషి కూడా రెండు గంటలు, కాస్త అటూ ఇటూగా జిల్లా కేంద్రం చేరగలడు. అంటే రోడ్డు గడువును మింగడం లేదు. మింగేది ఆగిన ప్రతిచోటా పోయే ముప్పావు గంట: ఆర్ఎంపీ దగ్గర సెలైన్, సీటీ లేని నర్సింగ్ హోములో పరీక్షలు, బిల్లు కట్టి రిఫరల్ లెటర్ తీసుకోవడం, కొత్త బండి వెతుక్కోవడం, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ. ఐదు చోట్ల ముప్పావు గంట చొప్పున పోతే ఎంతవుతుందో చూసుకోండి.

ఇంకో మాట. గడియారం మొదలయ్యేది ఇంట్లోవాళ్లు చూసిన క్షణం నుంచి కాదు, మనిషి చివరిసారి బాగున్నప్పటి నుంచి. రాత్రి పదింటికి మామూలుగా పడుకుని తెల్లారి ఐదింటికి చెయ్యి లేవకుండా లేస్తే, లెక్క రాత్రి పదింటి నుంచే. అలాంటివాళ్లకు దారి పూర్తిగా మూసుకుపోదు. ఎంఆర్ఐ, లేదా మెదడుకు రక్తం ఎలా అందుతోందో చూపించే సీటీ చేసి కొందరికి వైద్యం చెయ్యొచ్చు. అది అన్నిచోట్లా ఉండదు కాబట్టి అలాంటి రోగిని ఎక్కడికి పంపాలన్న నిర్ణయం ఫోన్లోనే జరగాలి.

మందు వాసనలో దాక్కునే పక్షవాతం

గడపలో జరిగే ఆలస్యాల్లో మన ప్రాంతంలో అన్నిటికన్నా చెడ్డది ఇది. "రేత్రి తాగీసి పడిపోనాడు, తొంగోనీ, పొద్దున్నకి లెగుత్తాడు." ఈ ఒక్క మాటతో ఏడెనిమిది గంటలు పోతాయి. మాట ముద్దగా రావడం, తూలడం, వాంతులు, మత్తు అన్నీ మందుకీ ఉంటాయి, పక్షవాతానికీ ఉంటాయి. చిన్నమెదడులో వచ్చే పక్షవాతమైతే మరీ మోసం. చెయ్యీ కాలూ పడిపోవు. మనిషి తూలుతూ కక్కుకుంటూ అచ్చం తాగినవాడిలాగే ఉంటాడు.

తేడా పట్టే పద్ధతి పెద్దదేమీ కాదు. పళ్లు ఇకిలించమనాలి. కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపి పది లెక్కపెట్టేదాకా ఉంచమనాలి. ఒక మామూలు వాక్యం తిరిగి చెప్పమనాలి. తాగినవాడు రెండువైపులా తూలతాడు. ఒకవైపు మూతే జారినా, ఒక చెయ్యే కిందికి దిగినా అది సారా పని కాదు. ఎప్పుడూ తాగేంతే తాగి ఎప్పుడూ లేనట్టు పడిపోయినా, ఉన్నట్టుండి చూపు పోయినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా తెల్లారేదాకా చూడకూడదు. తాగి పడిపోయిన మనిషికి తలకు దెబ్బ తగిలి లోపల రక్తం చేరే ప్రమాదం ఎలాగూ ఉంది. దానికీ సీటీయే కావాలి.

మద్యం మీద అవగాహన కార్యక్రమాలు బళ్లల్లోనూ గ్రామసభల్లోనూ జరుగుతుంటాయి. వాటికి మార్కులు తక్కువే వేయాలి, ఎందుకంటే కాలేయం బొమ్మ చూపించి భయపెట్టడంతో సరిపెడతారు. పక్షవాతం మాటే రాదు. నిజానికి రోజూ తాగడం బీపీని పెంచుతుంది. ఒక్కసారి అతిగా తాగినా గుండె లయ తప్పి, అందులో గడ్డ కట్టి మెదడుకి ఎక్కొచ్చు. మెదడులో రక్తనాళం చిట్లే రకానికి మద్యం పెద్ద కారణం. లెక్క కూడా ఎవరూ చెప్పరు. 180 మి.లీ. క్వార్టరులో 42.8 శాతం చొప్పున సుమారు 61 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. పది గ్రాములు ఒక డ్రింకు అనుకుంటే అవి ఆరు డ్రింకులు. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు 8 శాతమైతే నాలుగు. "ఒక్క క్వార్టరే కదా" అనేవాడికి ఈ అంకె చెబితే కాలేయం బొమ్మకన్నా బాగా పనిచేస్తుంది. 2024 అక్టోబరులో కొత్త పాలసీతో క్వార్టరు 99 రూపాయలకే దొరకడం మొదలయ్యాక ఈ లెక్క మరీ అవసరం. నాటుసారాకి, ఏజెన్సీలో జీలుగు కల్లుకి శాతం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి వాటికి గ్లాసుల లెక్క పెట్టలేం. వారంలో ఎన్ని రోజులన్నదే అడగాలి.

మంచి కార్యక్రమాన్ని గుర్తుపట్టడం తేలిక. ఉపన్యాసం ఉండదు, ప్రశ్నలుంటాయి. తాగుడు ఎంత ముదిరిందో కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆడిట్ ప్రశ్నావళిలో పది ప్రశ్నలు, నలభై మార్కులు. ఎనిమిది, ఆపైన వస్తే ప్రమాదకరంగా తాగుతున్నట్టు, ఇరవై, ఆపైన వస్తే అలవాటుకి బానిసై ఉండొచ్చు. బీపీ చూసే కుర్చీలోనే ఏఎన్ఎం మొదటి మూడు ప్రశ్నలడిగి, ఎక్కువొస్తే ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు. ఇరవై, ఆపైన వచ్చినవాడిని మాత్రం "రేపట్నుంచి మానెయ్" అని పంపకూడదు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మొదటి రోజే వణుకు, రెండుమూడు రోజులకు పిచ్చిమాటలు, భ్రమలు మొదలవచ్చు. డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416. ఇవి గోడమీద రాసి ఉన్న ఆరోగ్య కేంద్రానికి ఒక మార్కు ఎక్కువ.

108: బండికి నాలుగు, దారికి రెండు

2005 ఆగస్టు 15న మొదలైన 108ని మన జిల్లాల్లో తిట్టేవాళ్లు తక్కువ. నంబరు పిల్లాడికి కూడా తెలుసు. పక్షవాతానికి బండిలో జరగాల్సింది చాలా తక్కువ, జరగకూడనిదే ఎక్కువ. వేలు గుచ్చి షుగరు చూడాలి. షుగరు 50కి పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది, గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూర్చుంటాడు. ఆక్సిజన్ శాతం 94 కన్నా తగ్గితేనే ఆక్సిజన్. చేతి నరానికి సెలైను సూది పెట్టి ఉంచాలి, ఎక్కిస్తే మామూలు సెలైనే ఎక్కించాలి. నోట్లో నీళ్లు సహా ఏదీ పోయకూడదు. సీటీ కాకుండా ఆస్పిరిన్ ఇవ్వకూడదు, చిట్లిన రకమైతే అదే విషం. బీపీ 190 ఉందని తగ్గించకూడదు. ఆర్ఎంపీలు నాలుక కింద బీపీ దించే నిఫెడిపిన్ క్యాప్సూల్ పిండేది ఇక్కడే. బీపీ ధడాలున పడిపోతే మూసుకున్న నాళం చుట్టూ చావుబతుకుల్లో ఉన్న భాగానికి ఆ కాస్త రక్తం కూడా అందదు. ఇంజెక్షను ఇవ్వని పక్షవాతంలో బీపీ 220/120 దాకా మామూలుగా ముట్టుకోరు.

బండిలో ఎక్కాల్సిన ఇంకో మనిషి, చివరిసారి బాగున్నప్పుడు చూసినవాళ్లు. భార్య ఇంట్లో ఉండిపోయి, ఏమీ తెలియని బావమరిది బండెక్కితే అక్కడ డాక్టరు ఇంజెక్షను ఇవ్వలేక చేతులు కట్టుకుని కూర్చుంటాడు. రాలేకపోతే వాళ్ల ఫోన్ నంబరైనా కాగితం మీద రాసి రోగితో పంపాలి. దాంతోపాటు వాడుతున్న మందుల అట్టలు, ముఖ్యంగా రక్తం పల్చబడే మాత్రలు.

దారి సంగతికొస్తే, చాలాసార్లు బండి దగ్గరున్న ఆసుపత్రికి పోతుంది. కావాల్సింది సీటీ ఇరవై నాలుగ్గంటలూ నడిచే దగ్గరి ఆసుపత్రి. సీటీ లేని చోట దింపితే డాక్టరు ఎంత మంచివాడైనా చేయగలిగేది రిఫర్ చేయడమే. పల్లెలోవాళ్లు బండెక్కేటప్పుడే "సీటీ ఉన్న దగ్గరికి పోనీ బాబూ" అని అడగాలి. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లకు ఒడిశాలోని బరంపురం సుమారు పాతిక నుంచి నలభై కిలోమీటర్లే. అక్కడ ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది. గడియారం ప్రకారం అదే మంచిది. మన ఆరోగ్య కార్డు అక్కడ ఏ మేరకు చెల్లుతుందో మాత్రం జబ్బు రాకముందే కనుక్కుని ఉంచుకోవాలి. శృంగవరపుకోట వైపు వాళ్లు నేరుగా విశాఖ వెళ్లిపోవడం సరైనదే. విజయనగరం చుట్టుపక్కల వాళ్లకు విశాఖ అరవై కిలోమీటర్లు కాబట్టి నేరుగా వెళ్దామనిపిస్తుంది. జిల్లా కేంద్రంలో సీటీ, ఇంజెక్షను వెంటనే దొరికే మాటైతే అవి అయ్యాకే విశాఖ వెళ్లడం మేలు. సీతంపేట, సాలూరు కొండల్లో (ఇప్పుడవి పార్వతీపురం మన్యం జిల్లా) డోలీ మీద రోడ్డుదాకా మోసుకొచ్చే ఊళ్లకు ఈ లెక్కలేవీ వర్తించవు. అక్కడ బీపీ మాత్ర మానకుండా వేయించడమే అసలు పక్షవాతం సేవ.

ముందే ఫోన్ చేసి "ఇరవై నిమిషాల్లో పక్షవాతం కేసు వస్తోంది, చివరిసారి బాగుంది ఏడుంబావుకి" అని చెప్పే అలవాటు ఉన్నచోట ఫలితం వేరుగా ఉంటుంది. సీటీ టేబులు ఖాళీగా ఉంటుంది, స్ట్రెచరు గేటు దగ్గరే ఉంటుంది. ఈ ఫోన్ చాలాచోట్ల జరగడం లేదు.

సీటీ గది, ఫోన్లో నరాల డాక్టరు

అడుగుపెట్టిన ఇరవై ఐదు నిమిషాల్లో సీటీ, అరవై నిమిషాల్లో సూది. ప్రపంచమంతా వాడే కొలత ఇదే. దీన్ని అడ్డుకునేవి వైద్యానికి సంబంధం లేనివే: ఓపీ చీటీ, స్ట్రెచరు తోసే ఎంఎన్ఓ ఎక్కడున్నాడో తెలియకపోవడం, టెక్నీషియన్ పక్క భవనంలో ఉండటం, ఫిల్ము ప్రింటు కోసం ఎదురుచూడటం. స్కాను తెరమీద పడిన నిమిషంలోనే రక్తస్రావం ఉందో లేదో తెలుస్తుంది. ఫిల్ము అవసరం లేదు.

ఒక అపోహ ప్రాణం మీదికి తెస్తోంది. "సీటీ నార్మల్ వచ్చింది, పక్షవాతం కాదంట" అని ఇంటికి తీసుకుపోతారు. గడ్డ అడ్డుపడిన పక్షవాతంలో మొదటి కొన్ని గంటలు సీటీ చాలావరకు నార్మల్‌గానే ఉంటుంది. లక్షణాలుండి స్కాను శుభ్రంగా ఉందంటే, ఇంజెక్షనుకి దారి తెరిచినట్టే.

పూర్తికాలం న్యూరాలజిస్టు లేని ఆసుపత్రి విశాఖ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి మందు ఇచ్చే పద్ధతి మంచిదే. హిమాచల్ ప్రదేశ్ కొండ జిల్లాల్లో ఇలా మామూలు ఫోన్లతోనే నడిపి చూపించారు. చెడేది బొమ్మలు పంపే తీరులో. లైటు పడి మెరుస్తున్న ఫిల్ముని ఫోటో తీసి రెండే రెండు బొమ్మలు వాట్సాప్ చేస్తారు. తెరమీదే, గది లైటు ఆర్పి, బ్రెయిన్ విండోలో (మెదడు బాగా కనిపించేలా తెర వెలుగునీడలు సర్దే సెట్టింగు) పైనుంచి కిందిదాకా మెల్లగా జరుపుతూ వీడియో తీయాలి. ఆ తరవాత విండోని వెడల్పు 40, లెవెల్ 40కి తెచ్చి ఇంకోసారి. తొలి మార్పులు ఇందులోనే కనిపిస్తాయి. రోగి పేరు మాత్రం కనబడనివ్వకూడదు.

తీవ్రత కొలిచే ఎన్ఐహెచ్ స్కేలు సున్నా నుంచి 42 దాకా. చేతులు పది సెకన్లు, కాళ్లు ఐదు సెకన్లు ఎత్తి ఉంచగలడా అని చూడాలి. నర్సు పైకి లెక్కపెడితే అవతల డాక్టరు వీడియోలో చూస్తారు. మాట పరీక్ష దగ్గర ఇక్కడ ఒక చిక్కుంది. సీతంపేట సవర మనిషిని, ఇచ్ఛాపురం ఒడియా మనిషిని తెలుగులో వస్తువుల పేర్లడిగి, చెప్పలేదని మాట పోయినట్టు మార్కులేయకూడదు. బంధువుని పక్కన పెట్టుకుని వాళ్ల మాటలోనే అడగాలి. అలా చేసే వార్డు కనిపిస్తే అక్కడ పని తెలిసినవాళ్లున్నారని అర్థం.

ఉద్దానం రోగుల సంగతి విడిగా చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉందని ఇంజెక్షనే ఆపేయడం తప్పు. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినైను పెరిగినంత మాత్రాన గడ్డ కరిగించే మందుకి అడ్డు లేదు. పెద్ద నాళం మూసుకుందన్న అనుమానం బలంగా ఉంటే కాంట్రాస్ట్ యాంజియో (రంగుమందు ఎక్కించి నాళాలు చూసే స్కాను) కూడా, కిడ్నీ జబ్బు ముందు తేలనివాళ్లలో, క్రియాటినైను రిపోర్టు కోసం ఆగకూడదు. చూడాల్సింది వేరు. ఆరోజే డయాలసిస్ అయిందా, అందులో రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇచ్చారా? ఇచ్చి ఉంటే గడ్డకట్టే పరీక్ష చేయకుండా సూది వేయకూడదు.

సూది దగ్గర జరిగే పొరపాటు

గడ్డ కరిగించే మందులు రెండు. ఆల్టెప్లేజ్ అయితే కిలోకి 0.9 మి.గ్రా., మొత్తం 90 దాటకుండా. పదోవంతు ఒక్క నిమిషంలో, మిగతాది గంటసేపు పంపు మీద. టెనెక్టెప్లేజ్ అయితే కిలోకి 0.25 మి.గ్రా., 25 దాటకుండా ఒక్క తోపులో అయిపోతుంది. మన జిల్లాలకు సరిపోయేది రెండోదే. గంటసేపు పంపు కాపలా లేకుండా మందేసి బండెక్కించి విశాఖ పంపొచ్చు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఇదే టెనెక్టెప్లేజ్ స్టెమీ పథకం కింద గుండెపోటుకి ప్రభుత్వాసుపత్రుల్లోకి వచ్చింది. గుండెకి మోతాదు వేరు. 60 కిలోల మనిషికి గుండెపోటులో 35 మి.గ్రా., పక్షవాతంలో 15 మి.గ్రా. మాత్రమే. గుండె కేసులు చూసి చూసి అలవాటైన చెయ్యి వయల్ మొత్తం ఎక్కించేస్తే మెదడులో రక్తస్రావానికి చేజేతులా దారి వేసినట్టే. కలిపాక మామూలుగా మి.లీ.కి 5 మి.గ్రా. వస్తుంది, అంటే ఆ 60 కిలోల మనిషికి 3 మి.లీ. (వయల్ మీద ఎంత నీళ్లతో కలపాలో చదివే లెక్కేయాలి.) పక్షవాతం మోతాదు పట్టికని వయల్ పెట్టెకే అంటించి ఉంచే ఎమర్జెన్సీకి కళ్లు మూసుకుని మార్కులేయొచ్చు. ఇంకో సంగతి, ఈ మందు డెక్స్ట్రోజ్ తగిలితే పేరుకుపోతుంది. ఆర్ఎంపీ పెట్టి పంపిన గ్లూకోజు సెలైను అదే గొట్టంలో నడుస్తుంటే, దాన్ని తీసేసి మామూలు సెలైనుతో కడిగాకే సూది.

వేయకముందు బీపీ 185/110 లోపుకి రావాలి, వేశాక 24 గంటలు 180/105 దాటకూడదు. ప్లేట్‌లెట్లు లక్ష లోపున్నా, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్ 1.7 దాటినా వేయరు. ఏళ్ల తరబడి తాగి కాలేయం పాడైనవాళ్లలో ఈ రెండూ తరచుగా తేడాగా ఉంటాయి. మద్యం చరిత్ర దాచకూడదనేది ఇందుకే. వేశాక మొదటి రెండు గంటలు పావుగంటకోసారి, తరవాత ఆరు గంటలు అరగంటకోసారి, ఆపైన 24 గంటలు నిండేదాకా గంటకోసారి బీపీ, చేతుల బలం చూడాలి. కొత్తగా తలనొప్పి, వాంతి, బీపీ ఎగబాకడం కనిపిస్తే వెంటనే సీటీ. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లలో కొందరికి నాలుక ఉబ్బుతుంది, నోరు తెరిపించి చూస్తుండాలి. మళ్లీ సీటీ చేసి శుభ్రంగా ఉందని తేలేదాకా, అంటే 24 గంటలు, ఆస్పిరిన్ లేదు.

రక్తస్రావం భయం అబద్ధం కాదు. ఆల్టెప్లేజ్‌తో 1995లో వచ్చిన అసలు పరీక్షలోనే వందలో ఆరుగురికి పైగా మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం అయింది. అయినా మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు మందు పడినవాళ్లలోనే ఎక్కువ. ఈ రెండు ముక్కలూ బంధువులకి రెండు నిమిషాల్లో చెప్పి సంతకం తీసుకోవడం ఒక విద్య. ఊళ్లో పెద్దమనిషి వచ్చేదాకా ఆగుదామంటే గడువు ఆగదు.

వార్డు, బిల్లు

సూది అందరికీ పడదు. వార్డు మాత్రం అందరికీ. ఆస్ట్రేలియాలో క్వాస్క్ అధ్యయనం 2011లో తేల్చిన సంగతి చాలా సాదాది. మొదటి మూడు రోజులు జ్వరం, షుగరు, మింగుడు ఈ మూడింటినీ నర్సులు ఒక పద్ధతిగా చూసుకుంటే మూడు నెలలకు చనిపోయినవాళ్లు, ఒకరిమీద ఆధారపడేవాళ్లు కలిపి చూస్తే గణనీయంగా తగ్గారు. 99.5 దాటితే పారాసిటమాల్. షుగరు 180 దాటకుండా. మింగుడు పరీక్ష కాకుండా నోట్లో చుక్క కూడా పోయకూడదు. కూర్చోబెట్టి చెంచాడు నీళ్లు మూడుసార్లు ఇచ్చి, దగ్గు వస్తుందా, గొంతు తడిగా గరగరలాడుతుందా చూడటమే పరీక్ష. మనవాళ్లు నర్సు అటు తిరగ్గానే గంజి, కొబ్బరినీళ్లు పోస్తారు. నాలుగో రోజుకి న్యుమోనియా. మంచానికి "నోట్లో ఏమీ పెట్టొద్దు" అని పెద్దక్షరాల బోర్డు కట్టని వార్డుకి మార్కు కోత.

తాగుడు మానిన రెండోరోజు, మూడోరోజు రోగి వణికిపోతూ పిచ్చిగా మాట్లాడితే పక్షవాతం ముదిరిందని మళ్లీ స్కానుకి పంపుతారు. స్కాను తప్పు కాదు. కానీ తాగుడు ఆగిన లక్షణాలేమోనని కూడా అనుమానించాలి. తాగుడు అలవాటున్నవాళ్లకి గ్లూకోజుకన్నా ముందు థయమిన్ (బి1 విటమిన్) పడాలి.

ప్రైవేటు బిల్లుల్లో మెదడు కోలుకోవడానికని రాసే సిటికోలిన్ మందు వరస చూడండి. 2012లో అచ్చయిన ఇక్టస్ పరీక్షలో 2,298 మందిని తీసుకుని సగం మందికి ఇది, మిగతా సగానికి ఉత్తి మందు ఇచ్చి చూసినా లాభం కనబడలేదు. మెదడు వాపు లేనివాడికి కూడా రోజూ మానిటాల్ ఎక్కించడం అలాంటిదే. ఆ డబ్బు ఫిజియోకి పెడితే మేలు. కార్డు ఉన్నవాళ్లు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ (మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం) కౌంటర్లో ఆరోగ్యమిత్రని కలవాలి. అత్యవసరమైతే ముందు చేర్చుకుని ఫోన్‌లో అనుమతి తీసుకునే వీలుంది. అనుమతి వచ్చేదాకా వైద్యం మొదలుపెట్టం అంటే ఒప్పుకోవద్దు.

శిక్షణలు: హోటల్ భోజనం బాగుంది

స్ట్రోక్ మీద శిక్షణంటే ఒక ఆదివారం హాలు, ప్రొజెక్టరు, సర్టిఫికెట్టు, బిర్యానీ. మాట్లాడేవాళ్లు గొప్పవాళ్లే. విన్న హౌస్ సర్జన్లు నెలరోజుల్లో వేరే విభాగానికి మారిపోతారు. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు ఆ హాలు తెలియనే తెలియదు. శిక్షణ పడాల్సింది కదలని మనుషులకి: ఎమర్జెన్సీ స్టాఫ్ నర్సులు, సీటీ టెక్నీషియన్లు, ఎంఎన్ఓలు, చీటీ రాసే గుమస్తా, గేటు దగ్గర సెక్యూరిటీ.

పనికొచ్చే శిక్షణ ఇరవై నిమిషాలే. రాత్రి రెండింటికి ఒక ఉద్యోగిని రోగిగా పడుకోబెట్టి, గేటు నుంచి సూది దాకా నిజంగా తోసుకెళ్లి టైము రాయాలి. సీటీ తాళం ఎవరి దగ్గరుంది, బీపీ తగ్గించే లాబెటలాల్ ఏ అలమరాలో ఉంది, మంచం మీదే బరువు ఎలా తూస్తారు, విశాఖ నంబరు ఎత్తకపోతే రెండో నంబరు ఏది? ఇవన్నీ అప్పుడే బయటపడతాయి. ప్రతి కేసుకీ ఐదు టైములు ఒక పుస్తకంలో ఎక్కాలి: చివరిసారి బాగున్నది, గేటు, సీటీ, నిర్ణయం, సూది. నెలాఖరున మెడికల్ కాలేజీ డాక్టర్లు, 108 వాళ్లు, కింది ఆసుపత్రుల డాక్టర్లు ఆ పుస్తకం ముందేసుకుని గంట కూర్చుంటే చాలు. శ్రీకాకుళంలో రిమ్స్ 2008 నుంచి ఉంది, విజయనగరంలో ప్రభుత్వ కళాశాల 2023లో వచ్చింది, నెల్లిమర్లలో, రాగోలులో ప్రైవేటు కళాశాలలున్నాయి. నేర్పే మనుషులకి కరువు లేదు. పంపిన రోగి ఏమయ్యాడో పంపిన డాక్టరుకి తిరిగి చెప్పే అలవాటే లేదు. టెక్కలి నుంచో రాజాం నుంచో రిఫర్ చేసిన డ్యూటీ డాక్టరుకి "మీరు పంపినవారికి ఏడుంపావుకి సూది పడింది, నడుస్తున్నారు" అని ఒక మెసేజ్ వెళ్తే, వచ్చే కేసుని ఆయన అరగంట ముందే పంపుతాడు.

ఇంటికెళ్లాక

ఈ భాగం అన్నిటికన్నా బలహీనం. పడిపోయిన చేతిని పట్టుకుని లేపకూడదు, భుజం జారిపోతుంది. నడుం దగ్గర పట్టి లేపాలి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుటుంబానికే వ్యాయామాలు నేర్పి పంపితే చాలనుకున్నారు గానీ, మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో జరిగి 2017లో వెలువడిన అటెండ్ పరీక్షలో దానివల్ల అదనపు లాభం తేలలేదు. కాగితం మీద బొమ్మలిచ్చి పంపేసి ఫిజియో అయిపోయిందనే ఆసుపత్రిని నమ్మొద్దు. పావురం రక్తం, పసరు సంగతి చెప్పక్కర్లేదు, అవి మొదటి నెలని తినేస్తాయి.

డిశ్చార్జి కాగితంలో ఇవి ఉన్నాయో లేదో కౌంటర్ దాటకముందే చూసుకోండి: గడ్డ రకమా చిట్లిన రకమా, బీపీ ఎంతలో ఉండాలి, ఏ మాత్ర ఎన్నాళ్లు, మద్యం గురించి ఒక వాక్యం, ఫిజియో ఎక్కడ, మళ్లీ ఎప్పుడు రావాలి. బీపీ, షుగరు మాత్రలు ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనే దొరుకుతాయి కాబట్టి ఆ కాగితం నకలు ఏఎన్ఎంకి ఇవ్వాలి. వైకల్యం మిగిలిపోతే అది ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్టుకి స్లాటు బుక్ చేయించుకోవాలి. ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగులకు నెలకు 6,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000 రూపాయల పింఛను ఉంది. సదరం క్యాంపుకి సీటీ ఫిల్ములు, డిశ్చార్జి కాగితం అసలువి పట్టుకెళ్లండి.